కానుగ నూనె, వేపనూనె, తులసి తైలం – సూక్ష్మజీవులపై వాటి బలమెంత?



ఆసిఫాబాదు నుండి కెరమెరి ఘాటు ఎక్కి జైనూరు వైపు వెళ్ళి చూడండి. కానుగ, వేప, ఇప్ప చెట్లు లేని ఊరు అరుదు. ఆ చెట్లతోపాటు వాటి నూనెల వాడకం కూడా మన ఇళ్ళలో తరతరాలుగా నిలిచి ఉన్నది. పిల్లవాడికి గజ్జి లేస్తే కానుగ నూనె రాస్తారు. పశువుకు పుండు పడితే వేపనూనె పోస్తారు. కాళ్ళు పగిలితే ఇప్పనూనె పూస్తారు. జలుబు చేస్తే తులసి ఆకు నలిపి వాసన చూపిస్తారు. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోస్తారు.

ఈ అలవాట్ల గురించి మన మధ్య రెండు రకాల అభిప్రాయాలున్నాయి. "ఇవన్నీ పాతకాలపు నమ్మకాలు, వీటిలో పస లేదు" అని చదువుకున్న వారిలో కొందరు అంటారు. "చెట్టుమందు కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు" అని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ సరియైనవి కావు. నూనెలో ఏ పదార్థం ఎంత ఉన్నదో దానినిబట్టే అది సూక్ష్మజీవులను చంపుతుందా లేదా, మనకు హాని చేస్తుందా లేదా అన్నది తేలుతుంది. ఈ వారం ఆ సంగతినే వివరంగా తెలుసుకొందాం.

1. నూనెలు రెండు జాతులు

మనం అన్నిటినీ నూనె అనే పిలుస్తాము గాని రసాయన శాస్త్రం ప్రకారం ఇవి రెండు వేర్వేరు జాతులు.

మొదటిది గింజ నూనె. కానుగ, వేప, ఇప్ప, నువ్వులు, ఆముదం ఈ జాతికి చెందినవి. గింజను గానుగలో పెట్టి పిండితే ఇది దిగుతుంది. ఒక కాగితం మీద చుక్క వేయండి. మరునాటికి కూడా జిడ్డు మరక అలాగే ఉంటుంది. గ్లిజరిన్ అనే పదార్థానికి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉండటమే దీని నిర్మాణం. క్షారంతో కలిపి ఉడికిస్తే ఆ అతుకు ఊడి సబ్బు తయారవుతుంది.

రెండవది పరిమళ తైలం. తులసి, నిమ్మగడ్డి, లవంగం, జామాయిల్ ఆకు, వావిలాకు నుండి వచ్చేది ఇదే. కాగితం మీద చుక్క వేస్తే కొంతసేపటికి ఆవిరైపోతుంది, వాసన మాత్రం గది నిండుతుంది. దీనిని పిండి తీయడం కష్టం. ఇప్పసారా బట్టీ చూసిన వారికి దీని తయారీ సులభంగా అర్థమవుతుంది. కుండలో ఆకును ఆవిరితో ఉడికించి, ఆ ఆవిరిని గొట్టం గుండా పంపి చల్లబరిస్తే నీళ్ళమీద తైలం తేలుతుంది. నూరు కిలోల నిమ్మగడ్డి నుండి వచ్చే తైలం సుమారు అరకిలో మాత్రమే. అంటే ఒక చిన్న సీసాలో ఒక మోపు గడ్డి సారం దాగి ఉన్నదన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

2. గింజ నూనెలలో ఏమున్నది?

కానుగ గింజలో సుమారు మూడవ వంతు నూనె ఉంటుంది. ఆ నూనెలో సగం లేక అంతకు మించి ఓలియిక్ ఆమ్లమే. ఇదే ఆమ్లం వేరుశనగ నూనెలోనూ ఉన్నది. మరి వేరుశనగ నూనెతో కూర వండుకొంటాము, కానుగ నూనెతో వండుకోము. కారణమేమి? కానుగ నూనెలో నూటికి ఒకటి రెండు పాళ్ళుగా కలిసి ఉన్న కరంజిన్, పొంగమాల్ అనే పదార్థాలే కారణం. చేదు, ఘాటు, క్రిములను అణచే గుణం చాలావరకు ఈ కొద్దిపాటి భాగం నుండే వస్తాయి.

ఈ కరంజిన్‌ను గురించి 1925లో లిమయే అనే భారతీయ శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. తరువాత మన తెలుగునేల మీదనే దీని పరిశోధన ముందుకు సాగింది. 1933 నుండి 1949 వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య టి.ఆర్. శేషాద్రి, ఆయన శిష్యులు కలిసి కరంజిన్, పొంగమాల్‌ల నిర్మాణాన్ని విడమరచి చూపడంలో పెద్ద పాత్ర వహించారు. మన దొడ్డిలోని కానుగ చెట్టు ప్రపంచ రసాయన శాస్త్రంలోకి ఆ విధంగా ప్రవేశించింది.

వేప సంగతి చూడండి. 1942లో సలీముజ్జమాన్ సిద్దీఖీ వేపనూనె నుండి నింబిన్, నింబిడిన్ మొదలైన చేదు పదార్థాలను వేరు చేశాడు. 1968లో ఇంగ్లండులో అజాడిరక్టిన్‌ను వేరు చేశారు. ఇది పురుగుల ఆకలిని చంపి, వాటి ఎదుగుదలను అడ్డుకొనే పదార్థం. వేపనూనె పంటల మీద చల్లేది ప్రధానంగా దీనికోసమే.

వేపనూనెకు బూజును, శిలీంధ్రాలను అణచే గుణం కూడా ఉన్నది. ఈ గుణం మీదనే 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం ఒక అమెరికా కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి పేటెంటు ఇచ్చింది. మన దేశంలో రైతులకు ఎప్పటినుండో తెలిసిన విషయానికి కొత్తగా హక్కుదారు ఎలా పుట్టుకొస్తాడని వందనా శివ తదితరులు ఫిర్యాదు చేశారు. 2000లో ఆ పేటెంటు రద్దయినది. అప్పీలు కూడా 2005లో ఓడిపోయినది. మన ఊరి అవ్వలకు తెలిసిన విషయం వట్టి నమ్మకం కాదనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

ఇక ఇప్పనూనె. ఇప్ప పప్పులో దాదాపు సగం నూనె ఉంటుంది. చలికాలంలో నెయ్యిలాగా పేరుకొంటుంది. ఇందులో కానుగ, వేపలలో ఉన్నంత ఘాటైన పదార్థాలు లేవు. కనుకనే గిరిజనులు దీనిని వంటకు కూడా వాడుతూ వచ్చారు. చర్మానికి మెత్తదనమిస్తుంది, సబ్బుకు పనికివస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడటంలో మాత్రం దీనిని కానుగ, వేపల సరసన నిలబెట్టలేము. నూనె తీసిన తరువాత మిగిలే పిండిలో సాపోనిన్లు ఉంటాయి. ఆ పిండిని వాగులో కలిపితే చేపలు తేలడం మనవాళ్ళకు తెలిసినదే.

ఒక చెట్టు విలువ తెలుసుకొన్న ఊరు ఏమి సాధించగలదో జైనూరు మండలంలోని పవర్‌గూడ చూపించింది. అక్కడి మహిళా సంఘం కానుగ మొక్కలు నాటి, గింజల నుండి నూనె తీసే మిల్లు నడిపింది. డీజిలుకు బదులు ఆ నూనెను వాడితే తగ్గే బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి, 2003లో 147 టన్నులకుగాను ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం పెద్దది కాకపోవచ్చు. కాని సంతలో కిలోల లెక్కన అమ్ముడుపోయే గింజలో ఇంత సంగతి ఉన్నదని ఆ ఆడబిడ్డలు ప్రపంచానికి తెలియజేశారు.

3. పరిమళ తైలాలలో ఏమున్నది?

పరిమళ తైలంలో పదులకొద్దీ పదార్థాలు కలిసి ఉంటాయి. వాటిలో ఒకటి రెండు మాత్రం పెద్దపీట వేసుకొని కూర్చుంటాయి. లవంగ తైలంలో యూజినాల్ నూటికి 70 నుండి 90 పాళ్ళు. నిమ్మగడ్డి తైలంలో సిట్రాల్ సుమారు 70 నుండి 80 పాళ్ళు. మన పొడి అడవులలోనూ పెరిగే రోషా గడ్డి తైలంలో జెరానియాల్ ముఖ్యం. మందుల దుకాణంలో దొరికే నీలగిరి తైలంలో సినియోల్ ముఖ్యం. తులసిలో యూజినాల్, కారియోఫిలీన్ ఉంటాయి.

వీటిని ఎలా లెక్కిస్తారు? సన్నని పొడవాటి గొట్టంలోకి తైలపు ఆవిరిని పంపుతారు. సంత ముగిశాక అందరూ ఒకేసారి బయలుదేరినా, ఉత్తచేతులతో నడిచేవాడు ముందు, మూట మోసేవాడు వెనుక ఇల్లు చేరతారు కదా! అలాగే ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేళకు గొట్టం చివరకు చేరుతుంది. ఏది ఎప్పుడు, ఎంత వచ్చిందో యంత్రం గీత గీసి చూపిస్తుంది.

ఈ పరీక్షలవల్ల తేలిన ముఖ్యమైన విషయమొకటి ఉన్నది. ఒకే పేరుగల మొక్క అయినా నేలనుబట్టి, కాలాన్నిబట్టి, వంగడాన్నిబట్టి తైలం మారుతుంది. ఒక తులసిలో యూజినాల్ ఎక్కువైతే మరొక తులసిలో మిథైల్ యూజినాల్ ఎక్కువ. కాగితపు మిల్లు కోసం పెంచే జామాయిల్, మందుల దుకాణపు నీలగిరి తైలం ఒకే కుటుంబానివే అయినా వాటి పాళ్ళు ఒకటి కావు. కనుక "తులసి తైలం ఇంత క్రిమిని చంపుతుంది" అని ఎవరైనా అంటే, "ఏ తులసి? అందులో ఏది ఎంత?" అని అడగవలసి ఉంటుంది.

4. సూక్ష్మజీవి ఎలా చస్తుంది?

బాక్టీరియా అంటే ఒక్క కణంతో బ్రతికే ప్రాణి. దాని చుట్టూ పలుచని కొవ్వు పొర ఉంటుంది. అదే దాని ఇంటి గోడ. యూజినాల్, సిట్రాల్ వంటి పదార్థాలు నీటిలో ఇమడవు, కొవ్వులో ఇముడుతాయి. కనుక అవి ఆ పొరలోకి దూరి దానిని వదులు చేస్తాయి. లోపల దాచుకొన్న లవణాలు బయటికి కారిపోతాయి. గోడ కూలిన ఇంట్లో కాపురం సాగదు. బాక్టీరియా చస్తుంది.

అన్ని బాక్టీరియాల గోడలూ ఒకటి కావు. డెన్మార్కు వైద్యుడు గ్రామ్ 1884లో కనిపెట్టిన రంగు పరీక్ష ఆధారంగా వాటిని రెండు తెగలుగా విభజిస్తారు. సెగగడ్డలకు, చీము పుండ్లకు కారణమయ్యే స్టాఫిలోకాకస్ మొదటి తెగలోనిది. ఇది చాలా తైలాలకు లొంగుతుంది. రెండవ తెగకు బయట మరొక పొర కాపలా ఉంటుంది. విరేచనాలు కలిగించే కొన్ని బాక్టీరియాలు, పాత పుండ్లలో చేరే సూడోమోనాస్ ఈ తెగకు చెందినవి. వీటి మీద తైలాల బలం తక్కువ. సూడోమోనాస్ అయితే చాలా తైలాలను లెక్కచేయదు.

5. గాజుపళ్ళెం చెప్పేదెంత?

"ఫలానా తైలం టైఫాయిడ్ క్రిమిని చంపుతుందని పరిశోధనలో రుజువైంది" అని మనం తరచు చదువుతాము. ఆ రుజువు ఎలా జరిగిందో తెలుసుకొంటే దాని విలువ తెలుస్తుంది.

గాజుపళ్ళెంలో అగార్ అనే జెల్లీ పోసి దాని మీద బాక్టీరియాను పూస్తారు. తైలంలో తడిపిన చిన్న కాగితపు బిళ్ళను మధ్యలో ఉంచుతారు. ఒక రాత్రి మన ఒంటి వేడిలో ఉంచి చూస్తే పళ్ళెమంతా బాక్టీరియా పెరిగి, బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ వలయం కనబడుతుంది. వలయం ఎంత వెడల్పో మిల్లీమీటర్లలో కొలుస్తారు. మరొక పద్ధతిలో తైలాన్ని సగం సగంగా పలుచన చేస్తూ పోయి, క్రిమిని ఆపగల కనిష్ఠ పాలు ఎంతో చూస్తారు.

ఈ పరీక్షలు నిజమైనవే, అవసరమైనవే. కాని అవి గాజుపళ్ళెం సంగతి మాత్రమే చెబుతాయి. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక తైలం నూటికి అర పాలు ఉంటే క్రిమిని ఆపుతుందనుకొనండి. పెద్దమనిషి ఒంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం ఉంటుంది. ఆ రక్తంలో అర శాతం అంటే 25 మిల్లీలీటర్ల తైలం చేరాలి. ఆ తైలమంతా రక్తంలో చేరేలోపల క్రిమికంటె ముందు రోగికే ప్రాణం మీదకు వస్తుంది. చిన్న బిడ్డ నీలగిరి తైలం ఒక చెంచా మింగినా స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఒక మోపు ఆకు సారం చిన్న సీసాలో ఉన్నదని ముందే చెప్పుకొన్నాము కదా!

చర్మం మీది వ్యాధుల సంగతి వేరు. అక్కడ తైలం క్రిమిని నేరుగా తాకుతుంది. ఆస్ట్రేలియాలోని టీ చెట్టు తైలాన్ని 1990లో 124 మంది మొటిమల రోగులపై పరీక్షించారు. కొందరికి ఆ తైలం 5 శాతం కలిపిన పూత, కొందరికి మామూలు మందు ఇచ్చి పోల్చి చూశారు. రెండూ పనిచేశాయి. తైలం నెమ్మదిగా పనిచేసింది, మంట మాత్రం తక్కువ. 1992లో మన దేశపు వైద్యులు వేపాకు, పసుపు నూరిన ముద్దను 814 మంది గజ్జి రోగులకు పూసి, 97 శాతం మందికి 3 నుండి 15 రోజులలో నయమైనదని ప్రకటించారు. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే ఇది ఆకు ముద్ద, నూనె కాదు. పైగా ఇది తొలి పరిశీలన మాత్రమే. ఈ తేడాలు గమనించడమే శాస్త్రీయ దృష్టి.

6. క్రిమిని చంపేది మనలను విడిచిపెడుతుందా?

పొలం గట్ల మీద ముళ్ళ ఆకులు, పసుపుపచ్చ పూలతో బలురక్కసి మొక్క కనబడుతుంది. దాని గింజ ఆవగింజను పోలి ఉంటుంది. ఆ గింజ నూనెలోని సాంగ్వినరిన్ బాక్టీరియాను బాగా అణచుతుంది. ఒకప్పుడు కొన్ని దేశాలలో పళ్ళపొడి సరుకులలో కూడా సాంగ్వినరిన్‌ను కలిపారు. అదే బలురక్కసి నూనె 1998లో ఢిల్లీలో ఆవనూనెలో కల్తీ అయినప్పుడు కాళ్ళు వాచి, గుండె దెబ్బతిని 60 మందికి పైగా మరణించారు. గాజుపళ్ళెంలో గెలిచినదే కడుపులోకి వెళ్ళి ప్రాణం తీసింది.

వేపనూనె సంగతి కూడా వినండి. పసిపిల్లలకు జలుబు, దగ్గు తగ్గుతుందని వేపనూనె తాగించినందువల్ల వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి కాలేయం దెబ్బతిన్న సంఘటనలను మలేషియా వైద్యులు 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. తల్లులు ప్రేమతోనే తాగించారు. కాని ప్రేమ విషాన్ని విరవజాలదు.

మన అడవిలోని నల్లజీడి కూడా ఇటువంటిదే. చాకలివారు బట్టలకు చెరగని గుర్తు పెట్టేది దీని రసంతోనే. ఆ రసంలోని భిలవనాల్ చర్మాన్ని పొక్కించి పుండు చేస్తుంది. నొప్పికీ రోగానికీ ఒంటి మీద జీడి పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉన్నది. అక్కడ లేచేది రోగం బయటికి రావడం కాదు. అది కాలిన పుండు. సూక్ష్మజీవులకు అదే కొత్త ద్వారం.

7. మన ఇంట పాటించవలసినవి

ఇంతవరకు చదివిన దానిని ఇంటి పనికి అన్వయించుకొందాం.

మొదటిది: కానుగ, వేప నూనెలు పైపూతకు మాత్రమే. ముందుగా ముంజేతి మీద ఒక చుక్క రాసి ఒక రోజు చూడండి. దద్దురు లేస్తే వాడవద్దు. పరిమళ తైలాన్ని ఎన్నడూ ఉత్తదిగా రాయవద్దు, కొబ్బరినూనెలో బాగా పలుచన చేయాలి.

రెండవది: పసిపిల్లలకు ఏ తైలమూ తాగించవద్దు, ముక్కులో వేయవద్దు. కర్పూరం, నీలగిరి తైలం సీసాలను వారి చేతికి అందకుండా పెట్టండి.

మూడవది: అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డు మీద ఏ నూనె, ఏ ఆకుపసరు పూయవద్దు. ధనుర్వాత క్రిమి గట్టి పెంకులో దాగి ఉంటుంది, నూనె దానిని చంపలేదు. నూనెతోనే, చేతితోనే అది లోపలికి చేరవచ్చు. బొడ్డు పొడిగా, శుభ్రంగా ఉంటే చాలు.

నాలుగవది: గజ్జి ఒకరికి వస్తే ఇంటిల్లిపాదికి ఒకేసారి వైద్యం జరగాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. వారం రోజులలో తగ్గుముఖం పట్టకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అక్కడి పూతమందు గజ్జి పురుగును నిశ్చయంగా చంపుతుంది.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: జ్వరానికి తైలం మందు కాదు. వానాకాలంలో మన ఏజెన్సీ గ్రామాలలో వచ్చే మలేరియా క్రిమి రక్తంలో, కాలేయంలో ఉంటుంది. నుదుటి మీది తులసి తైలం అక్కడికి చేరదు. ఢిల్లీలోని మలేరియా పరిశోధనా కేంద్రం వారు 1993లో, కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి రాసుకొంటే దోమలు దగ్గరకు రావని ప్రకటించారు. అది కుట్టకముందు రక్షణ, కుట్టిన తరువాత వైద్యం కాదు. దోమతెర స్థానాన్ని కూడా అది తీసుకోజాలదు. జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త వద్ద రక్తపరీక్ష చేయించండి. పూతలతో గడిపిన రెండు రోజులు బిడ్డ ప్రాణానికే ముప్పు కావచ్చు.

పాఠకులారా, మన చెట్ల నూనెలలో బలమున్నది. ఆ బలం అందులోని పదార్థానిది. దానికి హద్దున్నది. చర్మం మీది చిన్న పుండుకు అది తోడు, ఒంటి లోపలి రోగానికి అది మందు కాదు. ఈ హద్దు తెలిసిన ఇంట్లో కానుగ చెట్టూ నిలుస్తుంది, బిడ్డా నిలుస్తాడు.

ఇంట్లో చర్చించుకొనండి:

1. మీ ఇంట్లో ఏయే నూనెలు మందుగా వాడుతున్నారు? వాటిలో పైపూతవి ఏవి, తాగించేవి ఏవి?

2. వేరుశనగ నూనెలోనూ, కానుగ నూనెలోనూ ఉన్న ఆమ్లం ఏది? ఒకటి తినదగినది, మరొకటి తినరానిది ఎందుకయింది?

3. గాజుపళ్ళెంలో క్రిమి చచ్చిన తైలం రోగికి మందు కావాలంటే ఇంకా ఏమేమి తేలవలసి ఉన్నది?